తొలి క్విల్టుకు అలల కుట్టు

క్విల్టులో మూడు పొరలుంటాయి. పైన ముక్కలు అతికి కుట్టిన గుడ్డ, నడుమ పలచటి దూది పొర, అడుగున మరో గుడ్డ. ఈ మూడింటినీ కదలకుండా పట్టి ఉంచేది పైనుంచి అడుగు దాకా దిగే కుట్టు. ముక్కలు కత్తిరించి అతకడం ఒక విద్య, మూడు పొరలనూ కలిపి కుట్టడం ఇంకో విద్య. మొదటిది పట్టుబడినవాళ్లు చాలామంది రెండోదాని దగ్గర ఆగిపోతారు. అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్ల ఇళ్లల్లో, పై గుడ్డ పూర్తిచేసి ఆ తర్వాత ముందుకు సాగక మడతపెట్టి దాచినవి ఎన్నో కనిపిస్తాయి. నెలలపాటు ముక్కా ముక్కా అతికి తయారుచేసుకున్న గుడ్డ మీద మిషను నడపాలంటే చెయ్యి రాదు. ఏ డిజైను కుట్టాలన్న ప్రశ్న దగ్గరే పని నిలిచిపోతుంది.

ఆ ప్రశ్నకు మా అక్క చెప్పుకున్న జవాబు ఇప్పుడు నా ఎదుట బల్ల మీద పరిచి ఉంది. న్యూజెర్సీలో ఉంటున్న అక్క తన మనవడి కోసం కుట్టిన మొదటి క్విల్టు ఇది. 40 అంగుళాల చదరం. అడ్డానికి 8, నిలువుకు 8, మొత్తం 64 ముక్కలు. ఒక్కొక్కటి 5 అంగుళాలు. సగం ముక్కలు పెడన కలంకారీ అచ్చుగుడ్డవి, సగం మీగడ రంగు మంగళగిరి నూలువి, ఒకటి విడిచి ఒకటి. అల్లంత దూరం నుంచి చూస్తే కలంకారీ లతలే కనిపిస్తాయి, కుట్టు కనిపించదు. దగ్గరికి తెచ్చుకుని, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుంటే అప్పుడు బయటపడతాయి అలలు. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఎక్కడా తెగకుండా సాగిన వంపు గీతలు, ఒకదాని కింద ఒకటి.

పువ్వు లేదు, ఆకు లేదు, సుడి లేదు. ఇంతేనా అని అడిగినవాళ్లను నేను చూశాను. నాకు మాత్రం చూసేకొద్దీ ఆ ఎంపికలోని తెలివి ఒకటొకటిగా తేలుతూ వచ్చింది. తేలికగా ఉంటుందని ఒక డిజైను పట్టుకోవడం వేరు. ఈ గుడ్డకు, ఈ మిషనుకు, ఈ చేతికి ఏది తగునో ఆలోచించి పట్టుకోవడం వేరు. అక్క చేసింది రెండో పని. మిషను క్విల్టింగు మొదలుపెట్టే ప్రతివాళ్లూ నేర్చుకోవలసిన పనితనం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు మిషను సంగతి. ఇంటి మిషను మీద గుడ్డను ముందుకు జరిపేవి అడుగున ఉండే పళ్లు. అవి పట్టుకునేది అడుగు గుడ్డను మాత్రమే. జాకెట్టు కుట్టేటప్పుడు పలచటి పొరలు రెండే కాబట్టి ఇబ్బంది తెలియదు. నడుమ దూది చేరితే మాత్రం అడుగు గుడ్డ ముందుకు పోతూ ఉంటుంది, పై గుడ్డను ఫుట్ అదిమిపట్టి ఆపుతూ ఉంటుంది. అంచుకు వచ్చేసరికి పై గుడ్డ పోగుపడి ముడత తేలుతుంది. దీనికి విరుగుడుగా వచ్చింది వాకింగ్ ఫుట్. మామూలు ఫుట్ విప్పి దాని చోట బిగిస్తారు. కాస్త బరువుగా, పెద్దదిగా ఉంటుంది. దాని పక్కన చిన్న చెయ్యి ఒకటి ఉంటుంది, అది సూదిని బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా ఆ చెయ్యీ లేచి దిగుతూ ఫుట్ లోపలున్న పళ్లను కదిలిస్తుంది. అడుగు పళ్లూ పై పళ్లూ కలిసి గుడ్డను పట్టి జరుపుతాయి కాబట్టి మూడు పొరలూ కలిసికట్టుగా నడుస్తాయి. కుట్ల పొడవు చూసుకునే పూచీ మిషనుదే. కుట్టేవాళ్లు దారి చూపిస్తే చాలు.

వాకింగ్ ఫుట్‌తో కుట్టడం ఒక పద్ధతి. రెండో పద్ధతిలో అడుగు పళ్లను కిందికి దించేస్తారు. గుడ్డను జరిపేవేవీ ఉండవు, మన చేతులే ఎటు కావాలంటే అటు తిప్పాలి. ఫ్రీ మోషన్ అంటారు దీన్ని. క్విల్టుల మీద మనం నోరు తెరిచి చూసే ఈకలు, తీగలు, గులకరాళ్ల వంటి గుండ్రాలు అన్నీ ఇందులోంచి వచ్చినవే. కాని ఇక్కడ కుట్టు పొడవు రెండు వేగాల మీద ఆధారపడుతుంది. చెయ్యి తొందరపడితే కుట్లు సాగుతాయి, మిషను తొందరపడితే కుట్లు ఇరుక్కుపోతాయి. కాలికీ చేతికీ పొత్తు కుదరడానికి ఎన్నో పాత గుడ్డలు చెల్లించుకోవాలి.

చాలామంది కొత్తవాళ్లకు మొదట చూపించే డిజైను 'మియాండర్' అని, ఎక్కడా తనను తాను దాటకుండా గుడ్డంతా తిరిగే గీత. కాగితం మీద గీస్తే నిజంగా తేలికే. పిల్లలు కూడా గీస్తారు. కాని కుట్టడానికి వచ్చేసరికి అది ఫ్రీ మోషన్ పని. కుట్టు పొడవు, వంపు గుండ్రదనం, ఖాళీల సమానత్వం, ఇరుక్కుపోకుండా బయటికి వచ్చే దారి అన్నీ ఒక్కసారే మనసులో ఉండాలి. చూపుకు తేలికైనదీ చేతికి తేలికైనదీ ఒకటి కాదు. మొదటి క్విల్టుకు మియాండర్ నేనైతే వద్దంటాను.

వద్దనేది మరొకటి కూడా ఉంది. దీన్ని చెబితే కొందరు ఒప్పుకోకపోవచ్చు. ముక్కల అతుకు గాడిలోనే కుట్టు వెయ్యమని మొదటి పాఠంగా చెబుతారు. గాడి ఎదురుగా కనిపిస్తూనే ఉంది, దాని వెంట పోవడమే కదా అనిపిస్తుంది. కాని అతుకు దగ్గర మడతలు ఒక పక్కకు ఇస్త్రీ చేసి ఉంటాయి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. కుట్టు పల్లం వైపునే, అతుకును ఆనుకునే నడవాలి. నూలుపోగంత పక్కకు జరిగినా ఎత్తు వైపు సాదా గుడ్డ మీదికి ఎక్కి కూర్చుంటుంది, అందరికీ కనిపిస్తుంది. కుదిరితే కనపడని పని, తప్పితే కనపడే పని. చెయ్యి స్థిరపడ్డవాళ్లకు మంచిదే. తొలిసారి మిషను ముందు కూర్చున్నవాళ్లకు అంత ఖచ్చితత్వం అడిగే దారి చూపించడం న్యాయం కాదు.

అక్క అలలు ఈ రెండు చిక్కుల్నీ తప్పించాయి. వాకింగ్ ఫుట్‌తో కుట్టగలిగేంత నెమ్మదైన వంపు అది. గుడ్డను తిప్పక్కర్లేదు, ముందుకు పోతున్న గుడ్డను కాస్త ఇటు, కాస్త అటు ఒరిగించడమే. గీత వంకరగా పోయినా అల అలగానే ఉంటుంది. తిన్నటి గీత నూలుపోగంత తప్పినా చూపు పట్టేస్తుంది. వంపు గీత అంతే తప్పితే ఎవరికీ తెలియదు.

అంతమాత్రమైతే ఇంత రాయవలసిన పని లేదు. క్విల్టును ముందుకు జరుపుకుని ఒక గీత వెంట వేలు పోనిచ్చాను. గీత ఒక నిలువు అతుకు దగ్గర పైకి లేస్తుంది, తర్వాతి నిలువు అతుకు దగ్గర కిందికి దిగుతుంది, ఆ తర్వాతి దగ్గర మళ్లీ లేస్తుంది. క్విల్టు అంతటా అదే వరస. అంటే వంపు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తిరగాలో చెప్పే గుర్తులు ముక్కల అమరికలోనే ఉన్నాయి. సుద్దతో గీయలేదు, పెన్నుతో గీయలేదు. 5 అంగుళాలకొక అతుకు ఉండనే ఉంది, అదే కొలబద్ద.

ఇంకొంచెం పరికించి చూస్తే గీతలు రెండు రకాలని అర్థమైంది. అడ్డ అతుకులు మొత్తం 7. ఒక్కొక్క అడ్డ అతుకును నడుముగా చేసుకుని ఒక అల నడుస్తుంది, అతుకుకు అర అంగుళం పైకి, అర అంగుళం కిందికి. ఇవి మూల అలలు. రెండు మూల అలల నడుమ ఉన్న చోట మరో రెండు అలలు. అంచుల వైపు కూడా రెండేసి. మొత్తం 23 గీతలు, ఒకదానికీ ఒకదానికీ ఎడం అంగుళమున్నర పైచిలుకు.

ఎందుకిలా చేశావని అడిగితే, "మొదటి గీతనే పట్టుకుని పక్కపక్కనే కుట్టుకుంటూ పోతే ఏమవుతుందో కాగితం మీద గీసి చూశానే, అల పాడైపోయింది" అంది అక్క. నేనూ గీసి చూశాను. నిజమే. ఒక వంపు గీతకు సమదూరంలో ఇంకో గీత, దానికి సమదూరంలో ఇంకోటి అలా గీసుకుంటూ పోతే వంపు లోపలి వైపు రానురాను ఇరుకై, నాలుగైదు గీతలకల్లా మొన తేలుతుంది. బయటి వైపు వంపు చదునైపోతుంది. అల ఆకారం చెదురుతుంది. అక్క పద్ధతిలో ప్రతి మూల అల అతుకుల సాయంతో కొత్తగా పుడుతుంది. నడుమ వచ్చే రెండింటిలో పైది పై మూల అలను చూసి, కిందిది కింది మూల అలను చూసి నడుస్తాయి. నడుమ గీతల్లో ఏదీ ఒక్క మెట్టు కంటే ఎక్కువ దూరం నకలు కాదు. ఏదైనా తేడా వస్తే ఆ రెండు గీతల నడుమ ఎడంలో ఇమిడిపోతుంది. కొన్నిచోట్ల అక్కడ ఎడం కాస్త తగ్గింది, కొన్నిచోట్ల పెరిగింది. కొలిస్తే తెలుస్తుంది, చూస్తే తెలియదు.

మరో లాభం కూడా ఆ అమరికలోనే ఉంది. నాలుగు ముక్కలు కలిసే మూలలో అతుకుల మడతలన్నీ ఒకచోట చేరి గట్టిగా ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి ఫుట్ తడబడుతుంది, కుట్లు చిన్నవవుతాయి, ఒక్కోసారి సూదీ విరుగుతుంది. అక్క గీతల్లో ఒక్కటి కూడా మూల మీదుగా పోదు. మూల అల ఎప్పుడూ నిలువు అతుకు దగ్గరే శిఖరంలోనో పల్లంలోనో ఉంటుంది కాబట్టి, నాలుగు ముక్కల మూలకు అర అంగుళం ఎడంగా తప్పుకుపోతుంది. అడ్డ అతుకును దాటేది ముక్క నడిమధ్య, గుడ్డ పలచగా ఉన్నచోట. నేనిది గమనించి చెబితే అక్క నవ్వి ఊరుకుంది. ముందే ఆలోచించి చేసిందో, కాగితం మీద గీస్తుండగా కుదిరిందో తెలియదు. పనిలో మాత్రం ఉంది.

గీతలు మొదలైన చోటు, ముగిసిన చోటు వెతికాను. కనిపించవు. క్విల్టు మధ్యలో కుట్టు మొదలుపెడితే దారం కొసల్ని సూదికెక్కించి పొరల నడుమ దాచాలి, లేదా చాలా చిన్న కుట్లతో బిగించాలి. రెంటికీ ఓపిక కావాలి. ఈ అలలు మాత్రం క్విల్టు బయట, అంచుల చుట్టూ ఎక్కువగా వదిలిన దూది మీద మొదలై అవతలి పక్క దూది మీదే ముగిశాయి. తర్వాత అంచుల్ని తిన్నగా కత్తిరించి, చుట్టూ పట్టీ వేసినప్పుడు దారపు కొసలన్నీ దాని కిందికి పోయాయి. ఒక్క ముడి వెయ్యలేదు, ఒక్క దారం దాచలేదు. అంచు నుంచి అంచుకు పోయే డిజైను కొత్తవాళ్లకు చేసే మేలు ఇది. డిజైను బొమ్మల పుస్తకం తిరగేస్తున్నప్పుడు ఈ గీత ఎన్నిచోట్ల మొదలవుతుంది, ఎన్నిచోట్ల ఆగుతుంది అని లెక్కపెట్టి చూడాలి. అది తెలిస్తే పని ఎంతో తెలిసిపోతుంది.

వెనక్కి తిప్పాను. పనితనం తెలిసేది అడుగు గుడ్డ మీదే. ముడత లేదు. పై దారం చుక్కలుగా అడుగుకు రాలేదు, బాబిన్ దారం పైకి తేలలేదు. రెండు దారాల మెలిక దూది లోపలే పడింది. దారాల బిగువు, అంటే టెన్షన్, సరిగ్గా ఉంటేనే అలా కుదురుతుంది. అక్క అసలు క్విల్టు ముట్టుకోవడానికి ముందు అదే గుడ్డ, అదే దూది, అదే దారంతో చిన్న ముక్క ఒకటి పేర్చుకుని టెన్షన్ సరిచూసుకుంది. ఆ ముక్క ఇప్పటికీ ఉంచింది, అంచున కుట్టు పొడవు రాసి పెట్టుకుంది: 3 మిల్లీమీటర్లు. అంటే అంగుళానికి ఎనిమిది కుట్లు పైగా. ముక్కలు అతకడానికి వాడే కుట్టు కంటే ఇది పొడుగు. మూడు పొరల మందంలోకి కుట్టు కొంత కుంగిపోతుంది కాబట్టి ఆ మాత్రం పొడుగు లేకపోతే ఇరుకిరుకుగా కనిపిస్తుంది. సూది 90/14. మొద్దుబారని కొత్త సూది.

ముడత పడకపోవడానికి ఇంకో కారణం కుట్టుకు ముందు జరిగిన పని. అడుగు గుడ్డను నేల మీద పరిచి, అంచులకు టేపు అంటించి, బిగువుగా, కాని సాగనంతగా పట్టి ఉంచింది. దాని మీద దూది, ఆపైన ముక్కల గుడ్డ. మధ్య నుంచి బయటికి, అరచెయ్యి వెడల్పు మించకుండా పిన్నీసులు పెట్టుకుంటూ వచ్చింది. దర్జీలు కచ్చాకుట్టు వేసినట్టే ఇదీ, తర్వాత తీసెయ్యడానికే. తీసెయ్యబోయే పని కదా అని తొందరపడితే ఆ తొందర వెనకాల ముడతగా మిగులుతుంది.

కుట్టిన వరస కూడా చెప్పుకోవాలి. ముందు నట్టనడుమ మూల అల. తర్వాత దాని పక్క అతుకు మీదిది, అలా ఒక అంచు దాకా. అప్పుడు క్విల్టును తిప్పి, మళ్లీ నడుమ నుంచి రెండో అంచు దాకా. మూల అలలన్నీ పూర్తయ్యేసరికి క్విల్టు మొత్తం కదలకుండా కట్టుబడిపోయింది. ఆ తర్వాతే మధ్య గీతలు. ఇంటి మిషనులో సూదికీ కుడివైపు స్తంభానికీ నడుమ ఉండే సందు చాలా వాటిలో ఆరేడు అంగుళాలే. ఆ సందులోంచి గుడ్డ చుట్టగా చుట్టి పోవాలి. మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ, సగంలో తిప్పుకుంటే ఆ సందులో ఎప్పుడూ సగానికి మించి గుడ్డ ఉండదు. సుడి తిరిగే డిజైను చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, కేంద్రం దగ్గర ఆ గుడ్డంతా అదే సందులో గిరగిరా తిప్పుతూనే ఉండాలి. చిన్న బల్లగుడ్డకైతే సరే, పక్కంత క్విల్టుకైతే భుజాలు పట్టేస్తాయి.

క్విల్టు బరువు బల్ల మీంచి కిందికి వేలాడితే ఆ బరువు గుడ్డను వెనక్కి లాగి కుట్లను చిన్నవి చేస్తుంది. అక్క పక్కనే ఇంకో బల్ల వేసుకుంది. కళ్లు సూది మీద పెట్టకుండా సూదికి ముందు రెండు మూడు అంగుళాల దూరాన పెట్టుకుంది. నాగలి పట్టినవాడు కర్రు వంక చూడడు, చాలు సాగవలసిన చోటు వంక చూస్తాడు, ఇక్కడా అంతే. చేతులు జరుపుకోవడానికి ఆగినప్పుడు సూదిని గుడ్డలోనే దించి ఆగింది. ఆగిన చోట్లు ఎక్కడో కనిపెట్టాలని వెతికాను, దొరకలేదు.

రంగు ఎంపిక గురించి. దారం మీగడ రంగు, మంగళగిరి ముక్కలకు కలిసిపోయేది. ఆ ముక్కల్లో గీత కనపడదు, గీత వల్ల పుట్టిన గాడీ ఉబ్బూ కనిపిస్తాయి. కలంకారీ ముక్కల్లో అదీ కనపడదు, లతల్లోనూ పూలల్లోనూ మాయమైపోతుంది. ఇది అర్థం చేసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది. నిండా అచ్చు ఉన్న గుడ్డ మీద ఎంత నైపుణ్యంతో ఈకలు కుట్టినా చూసేవాళ్ల కంటికి అందవు. క్విల్టింగు కనపడాలంటే సాదా గుడ్డ కావాలి. సాదా గుడ్డ మంచి కుట్టును చూపించినంత బాగా తప్పునూ చూపిస్తుంది. సగం అచ్చు, సగం సాదా ఉన్న ఈ క్విల్టులో ముక్కలదే పెత్తనం, కుట్టుది అణకువ. కొత్తవాళ్లు వేరే రంగు దారం జోలికి మొదటే పోకూడదు. అక్క అడుగు గుడ్డకూ చిన్న అచ్చున్న గుడ్డనే తీసుకుంది. వెనక కూడా కుట్టు కలిసిపోయింది.

గీతల ఎడం ఊరికే నిర్ణయించింది కాదు. దూది పొర ప్యాకెట్టు మీద కుట్ల మధ్య ఎడం ఎంత దాకా ఉండవచ్చో రాసి ఉంటుంది. వార్మ్ అండ్ నేచురల్ అనే రకానికి 10 అంగుళాల దాకా పనికొస్తుందని రాసి ఉంటుంది. కొన్ని దూదులకు మూడు నాలుగు అంగుళాలే హద్దు, అది దాటితే ఉతుకుల్లో దూది జరిగి గడ్డకడుతుంది. హద్దు లోపల ఎంత దగ్గరగా కుట్టాలనేది వాడకాన్ని బట్టి. గీతలు దగ్గరయ్యేకొద్దీ క్విల్టు బిరుసెక్కుతుంది. పావు అంగుళం ఎడంలో గీతలు గోడకు వేలాడే క్విల్టుకు అందం. పసివాడికి కప్పే దానికి మెత్తదనం కావాలి. ఇంకో సంగతి: ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా కుడితే దట్టమైన చోట గుడ్డ కుంచించుకుని, పలచటి చోట ఉబ్బి, అంచులు అలలు తేలతాయి. గుడ్డంతటా ఒకే దట్టంగా ఉండే డిజైను కాబట్టి ఈ క్విల్టు నేల మీద పరిస్తే నాలుగు మూలలూ నేలకంటుకుని ఉన్నాయి.

గుర్తులు గీయనక్కర్లేని డిజైను అని పైన అన్నాను. అది చిన్న లాభం కాదు. నీళ్లకు పోయే నీలం పెన్ను గీతను మరిచిపోయి ఇస్త్రీ చేస్తే మరక పట్టుకుపోతుంది. వేడికి మాయమయ్యే పెన్ను ఇస్త్రీపెట్టె తగలగానే పోతుంది, గడ్డకట్టే చలిలో మళ్లీ తేలుతుంది. న్యూజెర్సీ శీతాకాలంలో కారులో వదిలిన క్విల్టుకు అది జరగవచ్చు. మాస్కింగ్ టేపు అంటించి దాని పక్కన కుట్టవచ్చు, కాని రోజుల తరబడి వదిలేస్తే జిగురు దిగుతుంది. గీయక తప్పకపోతే గుడ్డ మీద నొక్కి గాడి పెట్టే జపాన్ హెరా పనిముట్టు అన్నిటికంటే మేలు. మరక అనే మాటే ఉండదు.

పూర్తయ్యాక అక్క క్విల్టును ఉతికింది. మంగళగిరి, పెడన గుడ్డల్ని కత్తిరించడానికి ముందే ఉతికి, రంగు దిగేది దిగిపోయాక వాడింది కాబట్టి మరకలు కాలేదు. దూదిని మాత్రం ముందు తడపలేదు. నూలు దూది మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు కుంచించుకుంటుంది. దానివల్ల గుడ్డంతా సన్నటి ముడుతలు పడి, గీతల మధ్య చిన్న చిన్న ఉబ్బులు వచ్చాయి. కుట్టులోని చిన్న తేడాలు వాటిలో కలిసిపోతాయి. క్విల్టు అందమంతా ఈ ముడుతల్లోనే ఉందనేవాళ్లున్నారు. నేను వాళ్ల పక్షం.

మిషను కుట్టు గౌరవం గురించి ఒక మాట. 19వ శతాబ్దం నడుమ కుట్టు మిషను అమెరికా ఇళ్లల్లోకి వచ్చిన కొత్తలో అది ఖరీదైన వస్తువు. అప్పటి క్విల్టుల్లో మిషను కుట్టు పైకి కనపడేటట్టు గొప్పగా వేసినవి ఉన్నాయి. తర్వాతి కాలంలో చేతికుట్టే అసలు కుట్టన్న అభిప్రాయం బలపడింది, మిషనుది తక్కువ రకమైంది. 1989లో కెంటకీ రాష్ట్రం పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ కుట్టిన 'కరోనా 2: సోలార్ ఎక్లిప్స్' అత్యుత్తమ క్విల్టుగా నెగ్గింది. మిషను మీద క్విల్టింగు చేసినదానికి అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదలు. ఆ క్విల్టు పడూకాలోని నేషనల్ క్విల్ట్ మ్యూజియం సేకరణలో ఉంది. అంతకు ముందునుంచే హారియెట్ హార్‌గ్రేవ్ వంటి వాళ్లు ఇంటి మిషను మీద చేతికుట్టుకు దీటైన పని చెయ్యవచ్చని నేర్పుతూ వచ్చారు. 2016లో జాకీ గెరింగ్ వాకింగ్ ఫుట్ ఒక్కదాని మీదే 'వాక్' అని ఒక పుస్తకం రాశారు. తిన్నటి గీతలు, నెమ్మదైన వంపులు, వాటి కలయికలు, అంతే సరుకు. ఆ కాస్త సరుకులో ఎన్ని రకాలు పుడతాయో ఆ పుస్తకం తిప్పితే తెలుస్తుంది. వాకింగ్ ఫుట్ పనిని నేర్చుకునేవాళ్ల మెట్టుగా మాత్రమే చూడటం తప్పని నాకు అప్పుడే స్థిరపడింది.

మన ఇళ్ల బొంతలు ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో పొడుగు కుట్లు వరసలు వరసలుగా వేసిన బొంతలో డిజైను అని విడిగా ఏదీ ఉండదు. పొరలు విడిపోకూడదు, మెత్తగా ఉండాలి, ఏళ్ల తరబడి ఉతుకులు తట్టుకోవాలి. ఆ అవసరంలోంచే వరసల అందం పుట్టింది. అక్కకు కుట్టు వచ్చింది చీరల ఫాల్సుతో, జాకెట్లతో. అమెరికాలో క్విల్టు షాపులో క్లాసుకు వెళ్లినప్పుడు ఈకల డిజైను చూసి ముచ్చటపడినా, చివరికి ఆమె చెయ్యి వరసల వైపే మొగ్గింది. అది భయంతో వెనక్కి తగ్గడం కాదు. తనకు వచ్చిన పని ఏదో తనకు తెలిసి చేసిన నిర్ణయం.

అలలు నచ్చనివాళ్లకు వేరే దారులున్నాయి. అతుకుకు రెండు పక్కలా పావు అంగుళం ఎడంలో తిన్నటి గీతలు వెయ్యవచ్చు. అతుకే ఆధారం, గాడిలో కుట్టే కష్టం ఉండదు. చదరాల క్విల్టైతే మూల నుంచి మూలకు ఐమూలగా గీతలు, వాటిని దాటుతూ ఇంకో పక్క నుంచి గీతలు. అది ఏ కాలానికీ పాతబడదు. ఇక చాలా మిషన్లలో పాములా మెలికలు తిరిగే కుట్టు ఒకటి ముందే ఉంటుంది. దాన్ని వెడల్పుగా, పొడుగ్గా పెట్టుకుని తిన్నగా నడిపితే చాలు, వంపును మిషనే తిప్పుతుంది. బొత్తిగా చెయ్యి కుదరనివాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

వీటిలో ఏది ఎంచుకున్నా పై గుడ్డ ఫోటో ఒకటి కాగితం మీద అచ్చు వేసుకుని, దాని మీద పెన్సిలుతో గీతలన్నీ గీసి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ గుడ్డ తిప్పాల్సి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. వాకింగ్ ఫుట్ కొనేముందు మీ మిషనుకు ఫుట్ బిగించే కాడ పొట్టిదో (లో షాంక్), పొడుగుదో (హై షాంక్) కనుక్కోండి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. దాంతోపాటు గైడ్ బార్ ఇస్తారో లేదో కూడా అడగండి. పక్క గీతను చూసుకుంటూ సమానమైన ఎడంలో కుట్టడానికి అక్క వాడినది ఆ సన్నటి కడ్డీనే.